పాట విడుదలకు ముందే పేర్లు రాసుకోండి: స్వతంత్ర బ్యాండ్లకు బహిరంగ లేఖ

స్వతంత్ర బ్యాండ్లలో రాసేవాళ్లకు, పాడేవాళ్లకు, వాయించేవాళ్లకు, వాళ్ల లెక్కలు చూసేవాళ్లకు,

నమస్కారం.

నేను సౌండ్ ఇంజనీర్‌ని. మీ పాటలు మిక్స్ చేస్తాను, అంటే విడివిడిగా రికార్డ్ చేసిన గొంతునూ వాద్యాలనూ ఒక పాటగా కలుపుతాను; మీ షోలకు సౌండ్ చూసుకుంటాను. ఉద్యోగాలు చేసుకుంటూ, సొంత డబ్బు పెట్టి, ఎవరూ అడగకపోయినా మీరు కొత్త పాటలు కడుతున్నారు. ఆ పని మీద నాకు గౌరవం ఉంది కాబట్టే ఈ లేఖ రాస్తున్నాను.

ఇందులో ఉన్నవేవీ కొత్త మాటలు కావు. సెషన్‌కు ముందు చెప్పాను, ఫైళ్లు అడిగేటప్పుడు మెసేజ్‌లో రాశాను, షో అయ్యాక వైర్లు చుట్టుకుంటూ చెప్పాను. ‘అలాగే అన్నా, ఈసారి చూసుకుంటాం’ అన్నారు. తర్వాతిసారి మళ్లీ అదే జరిగింది. ఈ మధ్య ఒక బ్యాండ్ పాట మిక్సింగ్, మాస్టరింగ్ (విడుదలకు ముందు చేసే చివరి మెరుగు) అన్నీ పూర్తయ్యాక ఆగిపోయింది. పాడినమ్మాయి బ్యాండ్ నుంచి వెళ్లిపోయింది. పల్లవి తనదని ఆమె అంటోంది. బాణీ మొత్తం తనదేనని గిటారిస్ట్ అంటున్నాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉండొచ్చు. ఎక్కడా రాసుకోలేదు కాబట్టి పాటను స్పాటిఫై లాంటి యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఎవరి పేరు పెట్టాలో తేలలేదు. మధ్యలో డ్రమ్స్ వాయించిన కుర్రాడు స్టూడియో ఖర్చులో సగం తన జీతంలోంచి కట్టాడు. అతనికి పాట రాలేదు, డబ్బు తిరిగి రాలేదు, ఎవరినైనా అడుగుదామంటే చేతిలో కాగితం లేదు.

మంచి మైకు లేక ఆగిపోయిన పాటను నేను చూడలేదు. నోటిమాట మీద నడిచి ఆగిపోయినవి చాలా చూశాను. అందుకే ఇక విడివిడిగా కాకుండా అందరికీ కలిపి రాస్తున్నాను.

1. వాటాలు, పేర్లు

ఒక పాటలో రెండు వేర్వేరు హక్కులు ఉంటాయి. సాహిత్యం, బాణీ కలిసి ఒకటి. దాన్ని మీరు రికార్డ్ చేసిన రూపం, అంటే మాస్టర్, ఇంకొకటి. పాట రాసినవాళ్లూ మాస్టర్‌కు డబ్బు పెట్టినవాళ్లూ ఒకరే కానక్కర్లేదు. ఈ రెండింటినీ కలిపేసి ‘అందరం సమానమే’ అనుకోవడం దగ్గరే చాలా గొడవలు మొదలవుతున్నాయి.

1886 నాటి అంతర్జాతీయ బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాలన్నిటిలోనూ కాపీరైట్ పుట్టడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అది మంచిదే. అయితే హక్కు దానంతటదే పుడుతుంది గానీ, ఎవరికి ఎంత అన్నది దానంతటదే తేలదు. అదే ఒప్పందం ప్రకారం ఈ హక్కు రచయిత పోయాక కూడా కనీసం 50 ఏళ్లు ఉంటుంది. ఇద్దరు ముగ్గురు కలిసి రాస్తే అందరికంటే చివర పోయినవాళ్ల నుంచి ఆ ఏళ్లు లెక్కేస్తారు. అంటే ఇవాళ రిహార్సల్ రూమ్‌లో మీరు తేల్చుకోని వాటాను రేపు ఒకరి ముఖం ఒకరు ఎరగని మీ పిల్లలు తేల్చుకోవాలి.

దీనికి లాయర్ కూడా అవసరం లేదు, ఒక పేజీ చాలు. పాట పేరు, తేదీ, ప్రతి ఒక్కరి అసలు పేరు, ఎవరు ఏం రాశారు, పాటలో ఎవరికెంత శాతం, మాస్టర్‌లో ఎవరికెంత శాతం, కింద సంతకాలు. రెండు లెక్కలూ విడివిడిగా 100కి రావాలి. ఇంకో రెండు వాక్యాలు చేర్చండి: బ్యాండ్ వదిలి వెళ్లినవాళ్ల వాటా ఏమవుతుంది, బ్యాండ్ పేరు ఎవరి దగ్గర ఉంటుంది. ఈ పేజీని స్ప్లిట్ షీట్ అంటారు. రాయాల్సిన సమయం పాట పూర్తయిన రోజే. పాటకు పేరొచ్చాక రాద్దామంటే ఎవరి జ్ఞాపకం వాళ్ల వైపే మొగ్గుతుంది.

బయటి నుంచి వచ్చి వాయించేవాళ్ల సంగతి ఇంకా అన్యాయంగా ఉంది. వయొలిన్ వాయించడానికి ఒకరిని పిలుస్తారు. ఆ వరస అక్కడికక్కడ తనే కడుతుంది. ఫీజు ‘పాట బయటికి వచ్చాక’ అంటారు. పాట వచ్చేసరికి క్రెడిట్స్‌లో ఆమె పేరు ఉండదు. ఫీజు ఇస్తున్నారా, వాటా ఇస్తున్నారా, పేరు ఎక్కడ వస్తుంది అన్న మూడూ ఆమె వాద్యం పెట్టెలోంచి తీయకముందే చెప్పాలి. నాలాంటివాళ్లతో కూడా అలాగే మాట్లాడుకోండి. స్టీవ్ అల్బీనీ లాంటి పేరున్న ఇంజనీర్ తను రికార్డ్ చేసిన బ్యాండ్ల నుంచి ఫీజు మాత్రమే తీసుకునేవాడు, రాయల్టీ (పాట రాబడిలో వాటా) వద్దనేవాడు. ఆ పాట బ్యాండ్‌ది అన్నది ఆయన పట్టుదల. ఇంకొకరు వాటా అడగొచ్చు, అదీ తప్పు కాదు. ముందే తెలియడం ముఖ్యం.

వాషింగ్టన్‌లో 1980లో మొదలైన డిస్కార్డ్ రికార్డ్స్ అనే స్వతంత్ర పాటల సంస్థ ఒప్పంద పత్రాలు లేకుండానే నడిచింది కదా అని కొందరు నాతో వాదించారు. నిజమే. కానీ అక్కడ ఖర్చులు పోను లాభం పంచుకోవాలన్న పద్ధతి అందరికీ ముందే తెలుసు, దానిమీద నిలబడి ఏళ్ల తరబడి లెక్క చూపించిన మనుషులున్నారు. మీ బ్యాండ్‌లో పోయిన నెల లెక్క ఎవరినడిగినా ఒకే అంకె చెప్పగలిగితే అప్పుడు కాగితం సంగతి మాట్లాడుకుందాం.

2. రికార్డింగ్, ఫైళ్లు

మిక్స్ కోసం నాకు వచ్చే ఫోల్డర్ ఎలా ఉంటుందో చూడండి. ‘ఆడియో 3’, ‘ఆడియో 3 కొత్తది’, ‘గిటార్ ఫైనల్’, ‘గిటార్ ఫైనల్ అసలుది’. బేస్ ట్రాక్ పాట మొదటి నుంచి ఉంటుంది. గొంతు ట్రాక్‌ను మొదటి చరణం దగ్గర కత్తిరించి పంపుతారు, దాన్ని ఎక్కడ పెట్టాలో నేను వెతుక్కోవాలి. టెంపో ఎంతని అడిగితే ఇద్దరు రెండు అంకెలు చెబుతారు. ఒక ట్రాక్ ఎంపీ3లో వస్తుంది, ఎందుకంటే ఎవరో దాన్ని చాట్‌లో పంపారు. ఇవన్నీ సర్దడానికి పట్టే గంటలకు డబ్బు కట్టేది మీరే. గొంతు మీద, డ్రమ్స్ మీద పెట్టాల్సిన గంటలవి.

ప్రతి ట్రాక్‌నూ పాట మొదటి క్షణం నుంచి చివరిదాకా ఒకే పొడవులో, 24 బిట్ వేవ్ ఫైలుగా (కుదించని ఆడియోగా) పంపండి. శాంప్లింగ్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తారన్న అంకె) రికార్డ్ చేసినదే ఉంచండి, మార్చకండి. ఫైలు పేరులో వాద్యం పేరు ఉండాలి. టెంపో, శ్రుతి, మీకు నచ్చిన రఫ్ మిక్స్ వేరుగా పెట్టండి. గిటార్‌ను ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె) నుంచి తీసుకున్నా, ఆంప్ లేకుండా గిటార్ నుంచి నేరుగా తీసిన డిఐ ట్రాక్ కూడా దాచండి. రేపు ఆ సౌండ్ నచ్చకపోతే మళ్లీ వాయించే పని తప్పుతుంది.

లెవెల్స్ గురించి. 24 బిట్‌లో సిద్ధాంతం ప్రకారం అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య 144 డెసిబెల్స్ పరిధి ఉంటుంది. మీటరును ఎర్ర దీపం దాకా ఎక్కించాల్సిన అవసరమే లేదు. మీటరు పైహద్దు సున్నా; అరిచి పాడిన చోట కూడా మైనస్ 10 దరిదాపుల్లో ఆగితే చాలు. సున్నా దాటి పగిలిన గొంతును పూర్తిగా బాగుచేయడం ఎవరి వల్లా కాదు.

డ్రమ్స్‌కు ఎన్ని మైకులు పెడితే అంత మంచిదనుకోవద్దు. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. స్నేర్ అనే డ్రమ్‌కు ఆనించినట్టు ఒక మైకు, దానికి మీటరు ఎత్తున ఇంకొకటి పెడితే, అదే దెబ్బ పైమైకుకు సుమారు 3 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. రెండూ కలిపి వింటే కొన్ని పౌనఃపున్యాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక్కోటి విడిగా బాగానే ఉన్న స్నేర్ కలిసేసరికి పలచబడి రేకు డబ్బా లాగా వినిపిస్తుంది. మొదటి టేక్‌కు ముందే ఫేజ్ బటన్ (ఒక మైకు శబ్ద తరంగాన్ని తలకిందులు చేసేది) నొక్కి, వదిలి, రెండు రకాలుగా వినండి. నిండుగా వినిపించేది ఉంచండి. ఇది రెండు నిమిషాల పని. సరిగ్గా పెట్టిన నాలుగు మైకులు తొందరలో పెట్టిన పన్నెండు మైకుల కంటే మేలు.

పాటను స్టూడియోలో కట్టుకోవద్దు. రిహార్సల్‌ను ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి, ఎక్కడ వేగం పెరుగుతోందో అందులోనే తెలిసిపోతుంది. చెవిలో తాళం కొట్టే క్లిక్ ట్రాక్‌తో వాయించాలనుకుంటే డ్రమ్మర్‌కు అది ఇంట్లోనే అలవాటు కావాలి, సెషన్ రోజున కాదు. ఇంకో మాట గట్టిగా చెప్పాలి. పొద్దున్న డ్రమ్స్‌తో మొదలుపెట్టి, పాడేవాళ్లను రోజంతా కూర్చోబెట్టి, రాత్రి పదింటికి మైకు ముందు నిలబెడుతున్నారు. రోజంతా మాట్లాడి, కబుర్లు చెప్పి, టెన్షన్ పడి అలసిన గొంతు అది. విన్నవాళ్లు మాత్రం ‘పాడినమ్మాయి సరిగ్గా పాడలేదు’ అంటారు. గొంతుకు వేరే రోజు పెట్టండి.

చివరగా, కాపీలు. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి వేరే ఇంట్లోనో క్లౌడ్‌లోనో ఉండాలి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ ఫైలు ఒక్కటే దాచితే కొన్నేళ్లకు ఆ ప్లగిన్‌లు (అందులో వాడిన అదనపు సాఫ్ట్‌వేర్లు) లేక అది తెరుచుకోకపోవచ్చు. వేవ్ ట్రాకులు ఎప్పుడైనా తెరుచుకుంటాయి. గిటారిస్ట్ ల్యాప్‌టాప్ పోతే బ్యాండ్ మొత్తం పాటలు పోయే పరిస్థితి ఎందుకుండాలి?

మాస్టర్‌ను వీలైనంత బిగ్గరగా చేయమని అడుగుతుంటారు. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటలన్నిటినీ దాదాపు మైనస్ 14 ఎల్‌యుఎఫ్‌ఎస్‌కు (చెవికి ఎంత బిగ్గరగా వినిపిస్తుందో కొలిచే లెక్క) తెచ్చి వినిపిస్తుంది. అంతకు మించి నలిపి (చిన్న, పెద్ద శబ్దాల తేడా తగ్గించి) పెంచినదంతా అక్కడ తగ్గిపోతుంది, నలిగిన డ్రమ్స్ మాత్రం నలిగినట్టే ఉండిపోతాయి.

3. చెవులు

అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలు. చిన్న గదిలో డ్రమ్స్, రెండు ఆంప్‌లు ఉంటే 100 దాటడం మామూలే. మీరు వారానికి కొన్ని గంటలు అందులో ఉంటారు. షో జరిగే చోట పనిచేసే కుర్రాళ్లు, తలుపు దగ్గర నిలబడేవాళ్లు ప్రతి సాయంత్రం ఉంటారు. ఆంప్ తగ్గించమని నేను సైగ చేసినప్పుడు నా కోసం మాత్రమే అడగడం లేదు. ఇయర్‌ప్లగ్‌లు వాడండి, పక్కవాళ్ల కోసం ఒక జత అదనంగా ఉంచండి. చెవిలో ఒకసారి మొదలైన రొద ఒక్కోసారి జీవితాంతం పోదు.

4. విడుదల, ప్రచారం

ముందు ఖాతా సంగతి. డిస్ట్రిబ్యూటర్ ఖాతా ఒక సభ్యుడి సొంత ఈమెయిల్ మీద తెరుస్తున్నారు. అతను వెళ్లిపోయిన రోజు పాస్‌వర్డ్ కూడా వెళ్లిపోతుంది. బ్యాండ్ పేరు మీద ఈమెయిల్ పెట్టి, కనీసం ఇద్దరి దగ్గర వివరాలు ఉంచండి. ప్రతి రికార్డింగ్‌కు ఐఎస్‌ఆర్‌సి అనే 12 అక్షరాంకెల కోడ్ వస్తుంది. లైవ్ వెర్షన్‌కు, రీమిక్స్‌కు వేర్వేరు కోడ్‌లు ఉంటాయి. వాటిని స్ప్లిట్ షీట్ మీదే రాసి పెట్టుకోండి. రేపు డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినప్పుడు అదే ఆడియోను అదే కోడ్‌తో ఎక్కించకపోతే, ఇన్నాళ్ల ప్లే కౌంట్ సున్నా నుంచి మొదలయ్యే ప్రమాదం ఉంది.

పాట చేతికి వచ్చిన రాత్రే ఎక్కించి, మర్నాడు విడుదల అంటున్నారు. స్పాటిఫైలో ప్లేలిస్టులు తయారుచేసే ఎడిటర్లకు పాటను ప్రతిపాదించే అవకాశం విడుదలకు ముందే ఉంటుంది, తర్వాత ఉండదు. కనీసం 7 రోజుల ముందు పంపితే మీ ఫాలోయర్ల రిలీజ్ రాడార్ అనే కొత్త పాటల జాబితాలో అది చేరుతుంది. డిస్ట్రిబ్యూటర్‌కు పట్టే సమయం కూడా కలుపుకుంటే నాలుగు వారాల ముందే ఫైళ్లు, కవర్, సాహిత్యం, క్రెడిట్స్ అన్నీ సిద్ధంగా ఉండాలి. నెలల కష్టం ఒక్క రాత్రి తొందరలో పోతోంది.

డబ్బిస్తే వేల ప్లేలు తెప్పిస్తామని మెసేజ్‌లు వస్తుంటాయి. వాళ్ల జోలికి పోకండి. దొంగ స్ట్రీమ్‌లు బయటపడితే 2024 నుంచి స్పాటిఫై డిస్ట్రిబ్యూటర్ల మీద జరిమానా వేస్తోంది, వాళ్లు ఆ భారం మీ మీదకు తోస్తారు లేదా పాటే తీసేస్తారు. అదే ఏడాది నుంచి ఇంకో నిబంధన వచ్చింది: గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 ప్లేలు లేని పాటకు అక్కడ రికార్డింగ్ రాయల్టీ రాదు. చిన్న బ్యాండ్లకు ఇది అన్యాయమని నా అభిప్రాయం. కానీ నిబంధన మారేదాకా ఏడాదికి పది పాటలు గాల్లోకి వదలడం కంటే రెండు పాటలను జనం దగ్గరికి నిజంగా చేర్చడం లాభం.

యూట్యూబ్ కంటెంట్ ఐడీ (ఒకరి ఆడియో ఇంకొకరి వీడియోలో ఉంటే పట్టుకునే వ్యవస్థ) విషయంలో జాగ్రత్త. ఎవరైనా వాడుకోగల రెడీమేడ్ లూప్ (పదేపదే తిరిగే చిన్న సంగీత ముక్క) పెట్టి పాట చేసి, దాన్ని కంటెంట్ ఐడీలో నమోదు చేస్తే, అదే లూప్ వాడిన ఇంకో బ్యాండ్ వీడియో మీద మీ పేరున క్లెయిమ్ పడుతుంది. వాళ్ల డబ్బు ఆగుతుంది, తిట్లు మీకు వస్తాయి.

అన్నిటికంటే నమ్మకమైనది మీకు నేరుగా తెలిసిన శ్రోత. షోకు వచ్చినవాళ్ల ఈమెయిల్ అడిగి తీసుకోండి. ప్లాట్‌ఫామ్ రూల్స్ మారినా ఆ జాబితా మీదగ్గరే ఉంటుంది. శ్రోతలకు నేరుగా పాటలు అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైటులో డిజిటల్ అమ్మకంలో 15 శాతం, టీషర్టులు, రికార్డుల మీద 10 శాతం వాళ్లు తీసుకుంటారు. చెల్లింపు ఖర్చులు పోను మిగతాది మీకే. పాటను ఇష్టపడి కొన్న కొద్దిమంది ఇచ్చేది వేల ప్లేల కంటే ఎక్కువ కావచ్చు.

5. కలిసి పనిచేయడం

మూడు బ్యాండ్లు ఒకే వేదిక మీద వాయించే సాయంత్రం ఎలా గడుస్తోందో చెబుతాను. చివర వాయించే బ్యాండ్ సౌండ్ చెక్‌కు ఆలస్యంగా వస్తుంది. వాళ్ల తర్వాత చెక్ చేసుకోవాల్సిన బ్యాండ్‌కు పది నిమిషాలు మిగులుతాయి. మొదట ఎక్కే పిల్లలకు అసలు చెక్కే ఉండదు, తలుపులు తెరుస్తారు. మానిటర్‌లో (పాడేవాళ్ల వైపు తిప్పిన స్పీకరులో) తన గొంతు తనకే వినపడక ఆ అమ్మాయి శ్రుతి తప్పుతుంది. రెండో పాటకల్లా ముందు వరసవాళ్లు ఫోన్లు చూసుకుంటారు. ఆ బ్యాండ్‌ను మళ్లీ ఎవరూ పిలవరు. ఇది ఆ పిల్లల తప్పు కాదు.

చెప్పిన టైముకు రండి. ఎవరు ఎక్కడ నిలబడతారో, ఎన్ని మైకులు కావాలో ఒక పేజీలో రాసి ముందే పంపండి. డ్రమ్ కిట్, బేస్ ఆంప్ పంచుకోండి. స్నేర్, సింబల్స్, పెడల్ ఎవరివి వాళ్లు తెచ్చుకుంటే చాలు. మీ వంతు అయ్యాక సామాను ముందు స్టేజీ దించి, తర్వాత మూట కట్టుకోండి. మిగతా బ్యాండ్లు వాయించేదాకా ఉండి వినండి.

డబ్బు విషయంలో ఒకరికొకరు దాచుకోవడం వల్ల నష్టపోయేది మీరే. ఒక బ్యాండ్ ‘పేరొస్తుంది’ అన్న మాటకు ఊరికే వాయిస్తే తర్వాతి బ్యాండ్‌కు కూడా అదే మాట చెబుతారు. టికెట్లు మీరే అమ్మిపెట్టాలి, అమ్ముడుపోకపోతే మీ జేబులోంచి కట్టాలి అన్న షరతులు కూడా ఒకరు ఒప్పుకోవడం వల్లే అందరికీ వస్తున్నాయి. ఏ నిర్వాహకులు ఎంత ఇచ్చారో, ఎప్పుడిచ్చారో మీలో మీరు చెప్పుకోండి. మొదట వాయించేవాళ్లకు కూడా ఎంతో కొంత ముట్టాలని అందరూ కలిసి అడగండి. ఒక్కరు అడిగితే ఇంకొకరిని పిలుస్తారు, అందరూ అడిగితే మాట్లాడతారు.

ఇక నేను మిమ్మల్ని అడుగుతున్నవి:

1. ఇప్పటికే విడుదల చేసిన ప్రతి పాటకూ స్ప్లిట్ షీట్ రాయండి. వెళ్లిపోయిన సభ్యులను కూడా పిలిచి కూర్చోబెట్టండి. ఇబ్బందిగానే ఉంటుంది, అయినా ఇప్పుడే చేయాలి.

2. క్రెడిట్స్‌లో పేరు రానివాళ్లు ఎవరైనా ఉంటే డిస్ట్రిబ్యూటర్ దగ్గర సరిచేయించి, వాళ్లకు మీరే చెప్పండి. బాకీ ఉన్న ఫీజులు తీర్చండి.

3. బ్యాండ్ రాబడి, ఖర్చు నెలకోసారి ఒకే షీటులో రాసి సభ్యులందరికీ కనిపించేలా పెట్టండి.

4. ట్రాకుల కాపీ ప్రతి సభ్యుడి దగ్గరా ఉండాలి.

5. సౌండ్ చెక్ సమయం, ఫీజు, స్టేజీ మీద ఎంతసేపు అన్నవి షో ఒప్పుకునేటప్పుడే రాతలో తీసుకోండి, మొదట వాయించే బ్యాండ్‌కు కూడా.

నా వైపు నుంచి చెప్పేది ఒకటే. ఇక ముందు పేర్లూ వాటాలూ రాసి, అందరూ సంతకం చేసిన కాగితం వచ్చాకే మిక్స్ మొదలుపెడతాను. కాగితం ఎలా రాయాలో తెలియకపోతే నా దగ్గర ఖాళీ నమూనా ఉంది, అడిగిన ఏ బ్యాండ్‌కైనా ఊరికే పంపుతాను. సాటి ఇంజనీర్లు, స్టూడియోలవాళ్లు కూడా ఇదే షరతు పెట్టాలని కోరుతున్నాను. పైన చెప్పిన ఆ పాట విషయంలో ముగ్గురూ ఒకచోట కూర్చుంటామంటే, నేనూ వస్తాను.

ఇట్లు,
మీ పాటలు మిక్స్ చేసే ఒక సౌండ్ ఇంజనీర్